ఏ పద్దు కింద

కాశీబుగ్గలో మా జీడి ఫ్యాక్టరీ. లెక్కలు నావి.
పదకొండేళ్లుగా హాజరు పట్టీ, చెక్కు పుస్తకం
ఒకే సొరుగులో,
ఒకే నీలం పెన్నుతో.

ఎన్నికల ముందు మాఘంలో
పార్టీ నిధికి పాతిక లక్షల చెక్కు రాసింది నేనే.
అక్షరాల్లో రాసేటప్పుడు ఒకసారి తప్పుపోయి
రద్దు చేసి మళ్లీ రాశాను, బాగా గుర్తు.
"పిక్కల మీద పన్ను తగ్గిస్తానన్నాడమ్మా,
అంతకు మించి మనకెందుకు"
అన్నారు కామేశం గారు, సంతకం మీద ఊదుతూ.
రసీదు వచ్చింది. పేరుంది, మొత్తం ఉంది.
దేనికి అన్న గడి లేదు.

పన్ను తగ్గింది. అబద్ధం చెప్పను.
దీపావళికి అందరికీ అరకేజీ ముక్క పప్పు పంచారు.

ఆ నాయకుడే, ఆ నోటితోనే,
మైదానంలో మైకు పట్టుకుని
మన జనం తరిగిపోతున్నారు,
ఒక్క కడుపూ ఖాళీ కాకూడదన్నాడు.
చప్పట్లు. మా లారీలో వెళ్లినవాళ్లవి కూడా.
నెల తిరక్కుండా ఆసుపత్రిలో ఆ మాత్రలు
బీరువాలోకి పోయాయి.
బీరువా తెరవాలంటే మొగుడి సంతకం,
ఇద్దరు అధికారుల సంతకాలు, ఆపైన కమిటీ.
కమిటీ గురువారం గురువారం.
కొన్ని గురువారాలు కూర్చునేదే కాదు.

ఢిల్లీశ్వరి.
పేరులో అంత ఊరున్నా టెక్కలి దాటి ఎరగదు.
రెండో వరుసలో నాలుగో పీట.
వేళ్లకు ఆముదం, బూడిద పట్టించుకుని
రోజుకెన్ని కిలోలు కొట్టేదో నా పట్టీకి తెలుసు.
ఉద్దానం నీళ్లు తాగి పెరిగిన మనిషి.
కిడ్నీల కాగితం ముందే ఉంది చేతిలో,
మరో కాన్పు వద్దని, ఎర్ర సిరాతో కింద గీత గీసి.
మొగుడు వెరావల్ పడవ మీద.
సంతకం సముద్రంలో.

"ఏటి సేత్తాను మేడమ్, ఈ గురువారం కూడా తిప్పేసినారు.
నాను బతకాలంటే ఆడు ఒడ్డుకి రావాల"
అని నవ్వింది.
ఆ పూటకు నేను హాజరు వేశాను.

ఆరో నెలలో బిడ్డ పోయింది.
ఆమె మిగిలింది,
వారానికి రెండుసార్లు మిషను పక్కన పడుకుని
గొట్టంలో తన నెత్తురు
తిరిగొస్తుంటే చూస్తూ.

కామేశం గారు చెడ్డవారు కారు.
విని, కళ్లజోడు తీసి, చాలాసేపు తుడిచారు.
"నేనిచ్చింది పన్ను కోసం కదమ్మా.
దానికి కాదు కదా."

జీడిపిక్కతో ముసలివాడైన మనిషి
ఆ మాట ఎలా అన్నాడా అని రాత్రంతా అనుకున్నాను.
పప్పు మటుకే కొన్నాను, తొక్క నాది కాదు అంటే
తొక్కలో నూనె ఊరుకుంటుందా?
గల్లాపెట్టెకు అంటదు, నా పెన్నుకూ అంటదు,
కొట్టే చేతిని మాత్రం కాలుస్తుంది.
ఇది ఆయనతో అనలేదు.
ఆవేళ జీతాల రోజు.

"ఐదు వేలు పంపు. సహాయం అని రాయి."
రాశాను.
మర్నాడు ఢిల్లీశ్వరి పెద్దకూతురు, స్కూలు యూనిఫాంలోనే,
ఆ కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
"ఇది దేనికీ అని అమ్మ అడగమన్నాది."
సమాధానం కోసం కాసేపు నిలబడింది కూడా.

తిరిగొచ్చిన ఐదు వేలు ఏ పద్దులో వేయాలో
ఆడిటరు ఇంకా చెప్పలేదు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి.
ఈ ఉదయం చెక్కు పుస్తకం తెమ్మన్నారు. ఈసారి ముప్పై.
కిటికీ అవతల నాలుగో పీట మీద
ఎవరో కొత్త పిల్ల ఆముదం సీసా మూత తిప్పుతోంది.
అంకెలు వేశాను. అక్షరాల దగ్గర చెయ్యి ఆగింది.
పెన్ను విదిల్చి చూశాను, సిరా ఉంది.

"ఏమ్మా, అక్షరాలు మర్చిపోయావా?"

"లేదండీ.
దేనికి అన్న గడి ఎక్కడుందా అని చూస్తున్నాను."